పీడీఎఫ్‌లో లోపించే గురులఘు చిహ్నాలు: ఛందోపరిశోధనలో పాఠప్రామాణ్య సమస్య

1. ఉపోద్ఘాతం

ఛందస్సుపై రాసిన సిద్ధాంతవ్యాసంలో గురులఘు చిహ్నాలే ప్రధానమైన ఆధారాలు. పరిశోధకుడు చేసిన గణవిభజన సరైనదో కాదో పాఠకుడు వాటిని చూసే నిర్ణయించుకుంటాడు. వర్డ్ ప్రతిలో చక్కగా కనిపించిన ఈ చిహ్నాలు పీడీఎఫ్‌గా మారేటప్పుడు ఖాళీ గడులుగానో, సంబంధం లేని అక్షరాలుగానో మారిపోవడం తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. దీన్ని డీటీపీ లోపంగా భావించి ఉపేక్షించడం తగదనీ, ఇది పాఠప్రామాణ్యానికి సంబంధించిన సమస్య అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. ఒక్క చిహ్నం విలువ

మూడక్షరాల గణాలు ఎనిమిది: మ, భ, జ, స, న, య, ర, త. గురువూ లఘువూ ఒకే ఖాళీ గడిగా కనిపిస్తే, మూడు గడుల వరుస ఈ ఎనిమిదింటిలో ఏదైనా కావచ్చు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు. పాదానికి 20 అక్షరాలు. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు, 21 అక్షరాలు. ఉత్పలమాలలోని మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు ఉంచితే చంపకమాల పాదం ఏర్పడుతుంది. ఈ సంబంధాన్ని నిరూపించే పట్టికలో మొదటి చిహ్నం లోపిస్తే నిరూపణే లోపిస్తుంది.

వ్యాకరణ చర్చలోనూ ఇదే స్థితి. ‘వాఁడు’ సర్వనామం, ‘వాడు’ వాడిపోవడాన్ని తెలిపే క్రియ. అరసున్న రాలిపోతే ఉదాహరణకు అర్థం ఉండదు. దంత్య చ, జలను సూచించే ౘ, ౙ యూనికోడ్‌లో చేరింది 2008లో. అంతకు ముందు రూపొంది, తరువాత సవరణ పొందని ఫాంట్లలో ఇవి కనిపించవు.

3. లోపానికి మూలాలు

ఏ యంత్రంలో తెరిచినా పత్రం ఒకే విధంగా కనిపించాలన్న ఆశయంతో అడోబీ సంస్థ 1993లో పీడీఎఫ్‌ను విడుదల చేసింది. అయితే ఫాంట్‌ను పత్రంలోనే పొందుపరిచినప్పుడే ఆ ఆశయం నెరవేరుతుంది. లోపానికి ప్రధానంగా నాలుగు కారణాలు ఉన్నాయి.

అ) ఫాంట్‌ను పొందుపరచకపోవడం. ‘సింబల్’, ‘జాఫ్ డింగ్‌బాట్స్’ సహా 14 ప్రామాణిక ఫాంట్లు ప్రతిచోటా ఉంటాయన్న భావనతో పాత పద్ధతి వాటికి మినహాయింపు ఇచ్చింది.

ఆ) పీడీఎఫ్ తయారుచేసే యంత్రంలో ఆ ఫాంట్ లేకపోవడం. రచయిత కంప్యూటరులో ఉన్న ‘వింగ్‌డింగ్స్’ పత్రికా సర్వరులో ఉండకపోవచ్చు.

ఇ) చిహ్నానికి సార్వత్రిక సంకేతం లేకపోవడం. పాత సింబల్ ఫాంట్‌లో ఆల్ఫాగా కనిపించేది లోపల ఆంగ్ల ‘ఎ’ మాత్రమే. ఫాంట్ తొలగితే ముసుగు తొలగినట్టే.

ఈ) పొందుపరచడానికి ఫాంట్ లైసెన్సు అనుమతించకపోవడం. అప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ పాఠాన్ని బొమ్మగా మారుస్తాయి. కంటికి లోపం కనబడదు. కాని వెతికితే ఆ మాట దొరకదు.

4. సమీక్షావిధానంలోని లోటు

యూజీసీ 2009 నిబంధనలు సిద్ధాంతవ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేశాయి. శోధగంగలో భావి పరిశోధకునికి లభించేది పీడీఎఫ్ ప్రతే. సమీక్షకుడు వర్డ్ ప్రతిని చదివి ఆమోదిస్తే, ఆయన ఆమోదించిన పాఠమూ పాఠకునికి చేరే పాఠమూ వేరు కావచ్చు. తాళపత్ర ప్రతుల్లో లేఖకదోషాలను అంత శ్రద్ధగా పరిష్కరించే మన పాఠపరిష్కరణ సంప్రదాయం, యంత్రం చేసే లేఖకదోషం పట్ల ఉదాసీనంగా ఉండడం సమంజసం కాదు.

చిహ్నాల ఎంపికలోనూ ఏకరూపత లేదు. లఘువుకు కొందరు ఆంగ్ల ‘ఐ’ పెద్ద అక్షరాన్ని, కొందరు ‘ఎల్’ చిన్న అక్షరాన్ని, కొందరు నిలువు గీతను, మరికొందరు దండాన్ని వాడుతున్నారు. కంటికి నాలుగూ ఒకటే. యంత్రానికి నాలుగూ వేర్వేరు.

5. సూచనలు

చిహ్నాలకు యూనికోడ్ సంకేతాలనే వాడాలి. ఏ చిహ్నం దేనికో పీఠికలో ఒకసారి చెప్పాలి. దాఖలు చేసే ముందు అక్రోబాట్ రీడర్‌లో పత్ర లక్షణాల కింద ఫాంట్ల జాబితా చూడాలి. ప్రతి ఫాంట్ పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. వర్డ్‌లో పీడీఎఫ్-ఎ ఎంపికతో భద్రపరచడం మేలు. దీర్ఘకాలిక భద్రతకు ఉద్దేశించిన ఆ ప్రమాణం ఫాంట్లన్నిటినీ పొందుపరచాలని నిర్దేశిస్తుంది. ఆపై ఆ ప్రతిని వేరొక కంప్యూటరులో తెరిచి, అరసున్న ఉన్న ఒక పదాన్ని వెతికి చూడాలి.

వీటన్నిటికంటే సులభమైన రక్షణ మన ఛందశ్శాస్త్రంలోనే ఉంది. లాక్షణికులు గురువును ‘గ’ అనీ, లఘువును ‘ల’ అనీ వ్యవహరించారు. చిహ్నాల కింద ఈ అక్షరాలను, గణనామాలను కూడా ఇస్తే, చిహ్నాలు చెదిరినా విభజన నిలుస్తుంది.

6. ముగింపు

పరిశోధన ఫలితం పాఠకుని తెరపై ఏ రూపంలో నిలిచిందన్నది పరిశోధనలో అంతర్భాగమే. పీడీఎఫ్ ప్రతిని అక్షరాక్షరం సరిచూసే బాధ్యత పరిశోధకునితో పాటు పర్యవేక్షకునికీ, సమీక్షకునికీ ఉంది.