హెడ్మాస్టర్ కుర్చీ వైపు నుంచి రెండు పుస్తకాలు

పిల్లల చదువు గురించి తెలుగులో ఏ నలుగురు మాట్లాడుకున్నా రెండు పుస్తకాల పేర్లు వచ్చి తీరతాయి. ఒకటి గిజుభాయి బధేకా ‘పగటికల’. రెండోది తెత్సుకో కురొయానాగి ‘రైలుబడి’. కొత్తగా తల్లిదండ్రులైన స్నేహితులకి మనం కొనిచ్చేవి కూడా ఇవే. కథలు, ఆటలు, రైలుపెట్టెల్లో తరగతులు. చదివిన చాలా ఏళ్ళ తర్వాత కూడా గుర్తుండేది ఇంతే. ఈమధ్య రెండింటినీ వరసగా మళ్ళీ చదివాను. ఈసారి ధ్యాస పిల్లల మీద కన్నా, వాళ్ళకి చదువు చెప్పే మనిషికి పైన కూర్చున్న మనిషి మీదకి ఎక్కువ పోయింది. అటు నుంచి చూస్తే ఇవి వేరే పుస్తకాలు.

‘పగటికల’ 1930ల మొదట్లో గుజరాతీలో వచ్చింది. కథ చెప్పేది లక్ష్మీరామ్. చదువు గురించి ఎంతో చదివి, ఆలోచించి, ఇక బడిలోనే చేసి చూడాలని విద్యాధికారి దగ్గరికి వెళ్తాడు. ఆ అధికారికి పెద్ద నమ్మకమేమీ కలగదు. పుస్తకాలు చదవడం వేరు, తరగతిని నడపడం వేరని ఆయన లెక్క. అయినా నాలుగో తరగతిని అప్పగిస్తాడు. గడువు ఏడాది. చివర్లో పరీక్ష ఉంటుంది.

ఈ ఒప్పందాన్ని మనం గబగబా దాటేసి కథల దగ్గరికి వెళ్ళిపోతాం. కానీ పుస్తకం మొత్తం నిలబడింది దీని మీదే. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఏం కావాలో చెప్పారు, ఎప్పటికి కావాలో చెప్పారు, ఎలా చేయాలన్నది చేసేవాడికి వదిలేశారు. రోజూ పొద్దున్నే స్టేటస్ అడగలేదు. మంచి మేనేజర్ దొరికిన ప్రాజెక్ట్ ఇలాగే మొదలవుతుంది.

గిజుభాయి మొదటిరోజే లక్ష్మీరామ్‌ని ఓడించేస్తాడు. పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడించబోతే తరగతంతా గోలగోల అయిపోతుంది. చేసేదిలేక పిల్లల్ని ఇళ్ళకి పంపేస్తాడు. అడగకుండా ఎలా పంపావని హెడ్మాస్టర్ చేత చీవాట్లు తింటాడు. ఆ తర్వాత రోజుల తరబడి కథలు చెబుతుంటే పాఠాలెప్పుడని అనుమానాలు, తోటి పంతుళ్ళ నవ్వులు. ఇన్నింటి మధ్యా జరగని పని ఒకటుంది. అధికారి ఇచ్చిన తరగతిని వెనక్కి తీసుకోడు. ‘పగటికల’లో ఏదైనా అద్భుతం ఉంటే, నా దృష్టిలో అది కథలు చెప్పడం కాదు, ఇదే. మొదటి వారంలో పాడైన పనిని ఏడాది చివర కొలుద్దామని ఆగగలిగిన పై అధికారి.

‘రైలుబడి’లో ఆ పై మనిషి హెడ్మాస్టర్ కొబయాషి. టోట్టోచాన్ మొదటిరోజు చెప్పే కబుర్లన్నీ గంటల తరబడి విన్న సన్నివేశం అందరికీ తెలుసు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది వంటింటి సన్నివేశం. తరగతిలో ఒక టీచర్ మాటల్లో మాటగా, ఎదుగుదల ఆగిపోయిన తకాహాషి అనే పిల్లాణ్ణి నీకు తోక ఉందా అని అడుగుతుంది. ఆమెకి అది సరదా. కొబయాషికి చాలా కోపం వస్తుంది. ఆ కోపమంతా ఆయన చూపించింది స్టాఫ్‌రూమ్‌లో కాదు, వేరే టీచర్లెవరూ లేని వంటింట్లో. టోట్టోచాన్ చెవిన పడకపోయి ఉంటే మనకీ తెలిసేది కాదు.

ఒక తప్పుని తప్పని గట్టిగా చెప్పడం, చెబుతూనే ఆ మనిషి పరువు కాపాడటం. మన బడుల్లో ఎక్కువగా కనిపించేది దీనికి తలకిందులు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫిర్యాదు వస్తుంది. సాయంత్రానికి ఆ టీచర్ వాళ్ళ ముందే నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ టీచర్ మర్నాడు తరగతిలో ఏం సాహసం చేస్తుంది? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివించి బయటపడుతుంది. పిల్లలకి స్వేచ్ఛ ఇవ్వాలని టీచర్లకి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు, భయపడుతున్న మనిషి ఇంకొకరికి స్వేచ్ఛ ఇవ్వలేదన్న సంగతి మర్చిపోతారు.

అయితే ఈ రెండు పుస్తకాలతో నాకు పేచీ కూడా ఉంది. కొబయాషి నడిపింది సొంత బడి. టోట్టోచాన్ తరగతిలో ఉన్నది తొమ్మిది మంది. ‘పగటికల’లో వెసులుబాటు దొరికింది ఒక్క లక్ష్మీరామ్‌కే. తనే కోరి ప్రయోగం చేయడానికి వచ్చినవాడు అతను. పక్క తరగతుల్లో పంతుళ్ళకి అది ప్రయోగం కాదు, బతుకుతెరువు. కథ చెప్పేది లక్ష్మీరామ్ కాబట్టి వాళ్ళని అతని కళ్ళతోనే చూస్తాం. నవ్వుకుంటాం కూడా. అదే ఏడాది గడువు, అదే అండ వాళ్ళకీ ఇచ్చి ఉంటే ఏమయ్యేదని పుస్తకం అడగదు. మంచి అధికారి ఒకరికి చేసిన మేలుగానే అది మిగిలిపోతుంది, బడి పద్ధతిగా మారదు.

ఆ పక్క తరగతి పంతులే ఇవాళ మన టీచర్. విద్యాహక్కు చట్టం (2009) 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులు టీచర్లకి వేయకూడదు. 2020 మేలో మద్యం దుకాణాలు మళ్ళీ తెరిచినప్పుడు విశాఖలో క్యూలు అదుపు చేసే డ్యూటీ టీచర్లకే వేశారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం గుర్తుపట్టే హాజరు యాప్‌ని సొంత ఫోన్లలో వేసుకోమంటే సంఘాలు గొడవ చేశాయి. అప్పట్లో మధ్యాహ్న భోజనానికీ, మరుగుదొడ్లకీ కూడా ఫోటోలు తీసి ఎక్కించాల్సి వచ్చేది. ఇలాంటి యాప్‌లు రాసేది మనలాంటి ఇంజినీర్లే. ఫోటో ఎక్కడానికి పట్టే సమయం ఎవరి పాఠంలోంచి తీస్తున్నామన్న ప్రశ్న ఏ డిజైన్ మీటింగ్‌లోనూ రాదు.

ఇందులో హెడ్మాస్టర్ చేతిలో ఉన్నదెంత? పై నుంచి వచ్చే ఆర్డర్‌ని ఆపలేరు, ఖాళీ పోస్టులు నింపలేరు. కానీ టైమ్ టేబుల్ ఆయన చేతిలో ఉంది. సెలవులో ఉన్నవాళ్ళ పీరియడ్లన్నీ నోరు లేని ఒక్కరి మీదే పడకుండా చూడొచ్చు. ఒకే సమాచారం నలుగురు నాలుగుసార్లు నింపకుండా ఒక్కసారి తీసుకుని దాచుకోవచ్చు. తల్లిదండ్రుల ఫిర్యాదు ముందు తన గదిలో ఆగేలా చూడొచ్చు. కొత్తగా ఏదైనా చేసి చూస్తానన్న టీచర్‌కి ఒక టర్మ్ గడువివ్వొచ్చు. మందలించాల్సి వస్తే తలుపు వేసి మందలించొచ్చు. వీటిలో దేనికీ బడ్జెట్ అక్కర్లేదు. టీచర్ల మీద పడే బరువులో కొంత తన మీద వేసుకునే మనసు కావాలి. నిజమే, అది బడ్జెట్ కన్నా అరుదు.

పిల్లల్ని ప్రేమించమని ఈ రెండు పుస్తకాలూ మనకి నేర్పాయంటారు. ఆ ప్రేమ తరగతి దాకా చేరాలంటే దారిలో ఎవరో ఒకరు అడ్డంగా నిలబడి దెబ్బలు కాసుకోవాలని కూడా ఇవి చెబుతున్నాయి. ఆ మాట మనం అంతగా పట్టించుకోలేదు. ఈసారి ‘రైలుబడి’ ఎవరికైనా కొనివ్వాలనుకుంటే, కొత్త తల్లిదండ్రులకి కాకుండా తెలిసిన ప్రిన్సిపాల్‌కి ఇచ్చి చూడండి. వంటింటి సన్నివేశం ఉన్న పేజీ మడిచి ఇస్తే ఇంకా మంచిది.