గుర్రపుడెక్కతో ఋతుకాలపు ప్యాడ్లు: ఒక విమర్శ

చెరువులను కప్పివేసి, చేపలకును కాలువలకును చేటు కలిగించు మొక్క గుర్రపుడెక్క. దీనిని ఉపయోగకరమైన వస్తువుగా మార్చుటెట్లు? 2020లో యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి ఉన్నత పాఠశాల బాలికలు ఒక సమాధానము చూపిరి. గుర్రపుడెక్క, వేపాకు, మెంతులు, పసుపు, సబ్జాగింజలు నూరి, ఆ ముద్దను ఎండబెట్టి, దూది పొరల నడుమ నుంచి ఋతుకాలమున వాడు ప్యాడ్లను తయారుచేసిరి. వానికి ‘స్త్రీ రక్షా ప్యాడ్లు’ అని పేరిడిరి. పెక్కు ఇండ్లలో తల్లియు కూతురును సైతము గుసగుసగా మాటలాడుకొను విషయమును ప్రయోగశాల బల్లమీదికి తెచ్చిన ఆ బాలికలు ప్రశంసనీయులు. అయితే ప్రశంసతో విమర్శ పూర్తి కాదు. ఇట్టి వస్తువును మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను: చక్కగా పీల్చునా? శరీరమునకు క్షేమమా? కావలసినవారికి నెలనెలా అందునా?

మొదటిది పీల్చు గుణము. గుర్రపుడెక్క కాడ నిండ గాలిగదులుండును. ఎండిన కాడలో మిగులు నార ముఖ్యముగా సెల్యులోజు. అది నీటిని పీల్చును. ఇంతవరకు బాలికల ఆలోచన సరియైనదే. కాని పీల్చుట వేరు, పట్టి ఉంచుట వేరు. అంగడిలో దొరకు అనేక ప్యాడ్లలో సోడియం పాలీ అక్రిలేట్ అను పొడి ద్రవమును జిగురుముద్దగా మార్చి, ఒత్తిడి కలిగినను వెలికి రానీయదు. నూరిన నారకు ఈ గుణము లేదు. 1980 నాటి భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 5405 ప్రకారము, నిమిషమునకు 15 మిల్లీలీటర్ల చొప్పున 30 మిల్లీలీటర్లు పోసినను ప్యాడ్ అడుగునుండి గాని అంచులనుండి గాని కారరాదను నియమముండెను. రంగునీరు, కొలజాడి, గడియారము ఉన్న ఏ పాఠశాలలోనైనను ఈ పరీక్షను స్థూలముగా చేయవచ్చును.

రెండవ ప్రశ్న మరింత ముఖ్యము. గుర్రపుడెక్క మురుగునీటినుండి సీసము, కాడ్మియము వంటి లోహములను వేళ్లద్వారా గ్రహించును. కనుక మొక్క ఏ చెరువునుండి వచ్చినదో తెలియవలెను. లోహముల పరీక్ష జరుగవలెను. పసుపు, వేప సూక్ష్మజీవులను అణచునని ప్రయోగశాలలలో తేలిన మాట నిజమే. కాని ఎండిన ముద్దలో అవి ఎంత మోతాదున నిలుచును? గంటల తరబడి సున్నితమైన చర్మమును తాకినచో ఏమగును? తేమ మిగిలినచో బూజు పట్టదా? ప్రకృతిసిద్ధమైన దంతయు హాని లేనిదను భావము శాస్త్రదృష్టి కాదు.

ఇక అందుబాటు. నెలకు 10 చొప్పున ఒక బాలికకు ఏడాదికి 120 ప్యాడ్లు కావలెను, నూరుగురికి 12,000. చేతితో నూరి ఇన్ని చేయుట కష్టము. ప్రభుత్వ పథకముల బలము ఇచ్చటనే కలదు. 2019 ఆగస్టులో జనౌషధి కేంద్రములందలి ‘సువిధ’ ప్యాడ్ వెల రూ. 2.50 నుండి ఒక రూపాయికి తగ్గెను. 2021లో ఆంధ్రప్రదేశ్ ‘స్వేచ్ఛ’ పథకమును ఆరంభించి, ప్రభుత్వ విద్యాసంస్థల బాలికలకు నెలకు 10 ఇచ్చెను. అయితే సువిధ ‘ఆక్సో బయోడిగ్రేడబుల్’ రకము. ఇట్టి ప్లాస్టిక్ పూర్తిగా మట్టిలో కలియక సూక్ష్మమైన తునకలుగా మిగులునను కారణముచే ఐరోపా సమాఖ్య 2021లో ఆక్సో ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినది. చౌకదనము ఒక్కటే చాలదు.

మరల మరల వాడదగినవి మరొక మార్గము. 2019లో కేరళలోని అలప్పుళ పట్టణమున 5,000 ఋతుకప్పులను ఉచితముగా పంచు పథకము నడచినది. అదే సంవత్సరము ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’ పత్రిక 43 అధ్యయనములను సమీక్షించి, అలవాటు పడిన స్త్రీలలో సుమారు 70 శాతము కప్పునే కొనసాగింపగోరిరని తెలిపినది. గుడ్డ ప్యాడ్లకును 2021లో ఐ.ఎస్. 17514 అను ప్రమాణము ఏర్పడినది.

ముల్కలపల్లికి పొరుగు జిల్లాయైన జనగామలోని కొడకండ్ల నేతపనివారి ఊరు. అట్టి చోట నూలుగుడ్డ ప్యాడ్లు కుట్టుకొనుట కష్టము కాదు. కష్టమంతయు తరువాతనే. వానిని సబ్బుతో ఉతుకుటకు నీరు కావలెను; ఎండలో ఆరవేయుటకు చోటు కావలెను. సిగ్గుచే చీకటి మూలలో ఆరిన గుడ్డలో తేమ నిలిచి సూక్ష్మజీవులు పెరుగును. అందుచేత పాఠశాలలో గడియ గల మరుగుదొడ్డి, కుళాయి, ఎండ తగులు దండెము సమకూర్చుట ప్యాడ్లు పంచుటతో సమానమైన పని.

ముల్కలపల్లి బాలికలు సరియైన ప్రశ్న వేసిరి. వారి ప్యాడ్ను రంగునీటితో పరీక్షించుట, మట్టిలో పాతి నెలనెలా తూచుట, అంగడి ప్యాడ్తోను గుడ్డ ప్యాడ్తోను పోల్చుట ఇతర పాఠశాలలు చేపట్టదగిన ప్రయోగములు. లోహముల పరీక్షకు కళాశాలల సాయము కోరవచ్చును. ఈ ఫలితములు వచ్చువరకు దీనిని మంచి ఆలోచనగా ఎన్నవలెనే గాని, వాడుకకు సిద్ధమైన వస్తువుగా బాలికల చేతికి ఈయరాదు.