ఎనిమిది మెట్ల పిడి

రైలింజను నడపడం కూడా ఒక ఆటేనా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆటే మరి! మైక్రోసాఫ్ట్ వాళ్ల 'ట్రెయిన్ సిమ్యులేటర్' 2001లో వచ్చింది. దాని ఫైళ్లనే వాడుకునే 'ఓపెన్ రైల్స్' ఉచితంగానే దొరుకుతోంది. నవలలకీ సినిమాలకీ సమీక్షలు రాసుకుంటున్నాం గదా, పిల్లలు గంటల తరబడి కళ్లప్పగించే ఈ ఆటకి మాత్రం ఎందుకు రాసుకోకూడదు?

డీజిల్ ఇంజను గదిలో కారుకున్నట్టు స్టీరింగు ఉండదు. దారి పట్టాలే చూసుకుంటాయి. డ్రైవరుకు మిగిలినవి కదల్చడం, ఆపడం. ఆ రెండిటికే ఎన్ని పిడులో! రివర్సరు పిడి ముందుకా వెనక్కా అన్నది తేలుస్తుంది. థ్రాటిల్ పిడికి ఎనిమిది మెట్లు; వాటిని నాచ్‌లంటారు. స్టవ్వు మంట పెంచినట్టే అనుకుంటాం గానీ, ఇక్కడో మెలిక ఉంది. డీజిల్ యంత్రం తిన్నగా చక్రాల్ని తిప్పదు. అది కరెంటు పుట్టిస్తే, ఆ కరెంటు మోటార్లని తిప్పుతుంది. అందుకే డ్రైవరు ఎదుట ఆంపియర్ల మీటరు. దాని ముల్లు చూసుకుంటూ మెట్టు మెట్టుగా ఎక్కాలి. తొందరపడి లాగేస్తే చక్రాలు పట్టాల మీద జారతాయి.

బ్రేకు సంగతి మరీ చిత్రం. గొట్టంలో గాలి తగ్గితేనే బ్రేకు పడుతుంది! బండి మధ్యలో తెగిపోయినా గాలి పోయి పెట్టెలు వాటంతటవే ఆగాలని ఆ ఏర్పాటు. మన రైళ్లలో ఆ గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. మొత్తం బండికి ఒక పిడి, ఒక్క ఇంజనుకి మరొకటి.

ఈ ఆటలో నాకు నచ్చింది ఓపిక నేర్పడం. బ్రేకు వేసిన చోటే బండి ఆగదు. స్టేషను కనపడకముందే దాన్ని తలుచుకోవాలి.

నా పేచీ వేరే ఉంది. 'డి' మీట నొక్కితే ఒక మెట్టు పైకి, 'ఎ' నొక్కితే కిందికి. అంతే! పిడి బరువు లేదు, గది ఉక్క లేదు, వెనకాల వందల ప్రాణాలున్నాయన్న భయం అసలే లేదు. గుద్దితే మళ్లీ మొదలు. మగ్గం బొమ్మ చూసి మా నారాయణపేట చీర అంచు నేసేశానంటే నేతగాడు నవ్వడూ?

అయినా సరే, ఆడనివ్వండి. ఆడపిల్లల్ని కూడా. సురేఖా యాదవ్ మన దేశంలో తొలి మహిళా రైలు డ్రైవరు. 2023 మార్చిలో షోలాపూరు నుంచి బొంబాయికి వందేభారత్ నడిపారు. ఆటని ఆటగానే వదిలెయ్యకుండా, "ఈ పిడి ఎందుకే?" అని పక్కన కూర్చుని అడగండి. చెప్పలేకపోతే ఆట ఆపించి ఆలోచించమనండి.

నారాయణపేట రోడ్ అన్న పేరుతో స్టేషను ఎంతో కాలం కర్ణాటకలోని సైదాపూర్‌లో ఉండేది. పేరు మాది, రైలు వాళ్లది! జక్లేరు నుంచి కృష్ణ దాకా 37 కిలోమీటర్ల లైను 2023 అక్టోబరు 1న జాతికి అంకితమయింది. సెలవునాడు పిల్లల్ని ప్లాట్‌ఫారం మీదికి తీసికెళ్లి నిలబెట్టండి. బండి వచ్చి సరిగ్గా గీత దగ్గర ఆగినప్పుడు, ఆ ఆపడం వెనక ఎంత పనుందో ఆట ఆడిన పిల్లకే ముందు తెలుస్తుంది.