రక్షిత అరణ్యంలో వారసత్వ వ్యాఖ్యానం: నల్లమల చెంచుల సందర్భం

ప్రవేశిక

అడవిలో సాంస్కృతిక వారసత్వం అనగానే శిథిలాలయం, కోటగోడ, శాసనం మన దృష్టికి వస్తాయి. వాటిని కాపాడడానికి పురావస్తు శాఖ ఉంది. వన్యప్రాణులను కాపాడడానికి అటవీ శాఖ ఉంది. అయితే ఒక కొండకున్న పేరు, ఆ పేరుకు కారణమైన కథ, ఆ కథ చెప్పే మనిషి - ఈ మూడింటినీ కలిపి కాపాడవలసిన బాధ్యత ఎవరిది? జాతీయ పార్కులు, పులుల సంరక్షణ కేంద్రాల విషయంలో ఈ ప్రశ్న తరచు సమాధానం లేకుండానే మిగిలిపోతోంది. నల్లమల చెంచుల సందర్భాన్ని ఆధారం చేసుకొని దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంరక్షణలోని చిక్కు వ్యాఖ్యానంలోనే మొదలవుతుందన్నది ఇక్కడి ప్రతిపాదన. దేనిని వారసత్వంగా చదువుతామో దానినే కాపాడుతాం. చదవలేనిది కళ్లముందే పోయినా పోయినట్టు తెలియదు.

చట్టం చూసిన అడవి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35వ సెక్షన్ ఒక ప్రాంతాన్ని జాతీయ పార్కుగా ప్రకటించడానికి జీవావరణ, జంతు, వృక్ష, భూస్వరూప సంబంధమైన ప్రాముఖ్యాలను పేర్కొంటుంది. సాంస్కృతిక ప్రాముఖ్యం ఆ జాబితాలో లేదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం నూరేళ్లకు తక్కువ కాని కట్టడాలకు, గుహలకు, శాసనాలకు రక్షణ కల్పిస్తుంది. మొదటి చట్టానికి మనిషి ఆనడు. రెండవ దానికి రాయి ఆనుతుంది కాని మాట ఆనదు.

నల్లమల సాంకేతికంగా జాతీయ పార్కు కాదు. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల ప్రాజెక్టు పరిధిలోకి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రంగా ఏర్పడింది. 2006 నాటి సవరణ పులుల కీలక ఆవాసాన్ని మానవ జోక్యం లేని ప్రాంతంగా ఉంచాలని నిర్దేశించడంతో, చెంచు పెంటల విషయంలో జాతీయ పార్కులలోని చిక్కే ఇక్కడా ఎదురైంది.

అదే 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్‌లో అటవీవాసుల సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వాన్ని ఒకే మాటగా ప్రస్తావించింది. ఈ జంటపదం విలువైనది. కాని ఇదే చట్టం 3వ సెక్షన్‌లో సంప్రదాయ హక్కులను గుర్తిస్తూ వేటను మినహాయించింది. చెంచుల దేవత గారెలమైసమ్మ వేటకు, అడవికి అధిదేవత. దొరికిన జంతువు మాంసంలో కొంత ఆమెకు సమర్పించడం ఆరాధనలో భాగం. వేట నిషేధాన్ని ఎత్తివేయాలన్నది ఇక్కడి వాదం కాదు. పులి మనుగడకు ఆ నిషేధం అవసరం. అయితే ఆ నిషేధంతో ఒక ఆరాధన తన క్రియను కోల్పోయిందని గుర్తించకపోవడం వ్యాఖ్యాన లోపం.

మూడు వ్యాఖ్యానాలు

చెంచుల గురించి మనకున్న వ్యాఖ్యానాలు ప్రధానంగా మూడు. మొదటిది భక్తి సంప్రదాయానిది. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని వరించిన కథ స్థలపురాణంగా, జానపద కథగా, 1958 నాటి ‘చెంచులక్ష్మి’ చలనచిత్రంగా తెలుగువారందరికీ పరిచితం. సంక్రాంతి తరువాత జరిగే పారువేట ఉత్సవంలో స్వామి చుట్టుపక్కల గ్రామాలకు తరలి వెళ్తాడు. చెంచులకు ఆయన అల్లుడు. దేవుడిని బంధుత్వంలోకి తెచ్చుకున్న ఈ భావన చాలా బలమైనది. కాని ప్రచారంలో ఉన్న కథనాలలో దృష్టి ఎక్కువగా దేవుడి అనుగ్రహం మీదనే నిలుస్తుంది. పిల్లనిచ్చిన వారి గౌరవం, హక్కు వెనుకకు పోతాయి.

రెండవది మానవశాస్త్రానిది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల అధ్యయనం నేటికీ ప్రామాణికం. వంశాలు, ఆవాసాలు, ఆహారసేకరణ, దేవతలు - వీటిపై ఆయన ఇచ్చిన వివరణ లేకపోతే మన పరిశోధన చాలా పేదదయ్యేది. అయితే చెంచులను మానవ చరిత్రలోని ఒక తొలి దశకు ప్రతినిధులుగా చూసే దృష్టి అందులో ఉంది. ఆ చూపు వారిని కాలంలో గడ్డకట్టిస్తుంది. ఆనాడు నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల కోసం ప్రత్యేకంగా అటవీ భూమిని కేటాయించిన సంగతి, తరువాత అదే నేల పులులకు కేటాయింపైన సంగతి పక్కపక్కన పెట్టి చదివితే, చెంచులు కాలం బయట కాక చరిత్ర నడుమనే ఉన్నారని తెలుస్తుంది.

మూడవది పర్యాటక వ్యాఖ్యానం. రక్షిత ప్రాంతాలలోని సందర్శక కేంద్రాలు సాధారణంగా జంతువులను, పాదముద్రలను, ఆహారశృంఖలను వివరిస్తాయి. విల్లంబులు, తేనె బుర్ర వంటి వస్తువులు ఉన్నా అవి అలంకారాలుగానే ఉంటాయి. కొండచరియ మీది తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకొనేవాడు బావమరిది అన్నది చెంచులలో ప్రసిద్ధమైన ఆచారం. తోబుట్టువు పసుపుకుంకుమలు అతని చేతిలో ఉంటాయి కనుక తాడు వదలడన్న నమ్మకం దాని వెనుక ఉంది. ప్రదర్శనశాలలో తాడును పెట్టవచ్చు. చరియ, తాడు, బంధుత్వం ఈ మూడింటి కలయికను పెట్టలేం.

శిల, మాట

నాగార్జునకొండ ఉదాహరణ ఇక్కడ ఉపయోగపడుతుంది. జలాశయంలో మునగనున్న ఆ లోయలో 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద పునర్నిర్మించారు. శిలను తరలించవచ్చునని అది నిరూపించింది. మాటను అలా తరలించలేం. చెంచులు మాట్లాడేది తెలుగే. పెంటల పేర్లు, గుండాల పేర్లు, గడ్డల పేర్లు, తేనెటీగల పేర్లు తెలుగు నిఘంటువులో చేరవలసిన సంపద. నేటి వాడుకలో ‘పెంట’ అంటే చెత్తకుప్ప. నల్లమలలో అది ఊరు. ఈ ఒక్క పదం చాలు, బయటి తెలుగు లోపలి తెలుగును ఎంతగా మరచిందో చెప్పడానికి. పెంట ఖాళీ అయినా పేరు పటంలో మిగులుతుంది. ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పేవారు మాత్రం అక్కడ ఉండరు.

సలేశ్వరం జాతర ఇంకొక చిక్కును చూపుతుంది. చైత్ర పౌర్ణమికి లోతైన లోయలో జరిగే ఈ జాతరలో పూజారులు చెంచులే. బయటి భక్తుల రద్దీ పెరిగేకొద్దీ ప్లాస్టిక్, వాహనాలు, నిప్పు ప్రమాదం పెరిగాయి. అందువల్ల అటవీ శాఖ జాతర రోజులను పరిమితం చేస్తోంది. ఇది సహేతుకమే. కాని జనసమూహం తెచ్చిన నష్టానికి, కొద్దిమంది చెంచుల తరతరాల అర్చనకు ఒకే గడియారం పెట్టడం సమంజసం కాదు. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించడమే వ్యాఖ్యానం చేయవలసిన పని.

ముగింపు

ఈ విమర్శ నుండి మన పరిశోధనకు మినహాయింపు లేదు. పెంటలకు వెళ్లి కథలు సేకరించి, సిద్ధాంత గ్రంథాలలో ‘వక్త: ఒక చెంచు వృద్ధుడు’ అని రాసి ఊరుకునే పద్ధతి కూడా ఆ కథను దాని యజమాని నుండి వేరు చేయడమే. వక్త అంగీకరిస్తే పేరుతో నమోదు చేయాలి. సేకరించిన ధ్వనిముద్రణ ప్రతి ఆ పెంటకు చేరాలి. తెలుగు శాఖలు స్థలనామ సేకరణను భాషాశాస్త్ర అంశంగా మాత్రమే కాక, హక్కుల గుర్తింపుకు తోడ్పడే సాక్ష్యంగా కూడా చేపట్టాలి. సందర్శక కేంద్రాలలోని వివరణలను గ్రామసభ ఆమోదంతో, చెంచుల మాటలోనే రాయించాలి. పులి ఉన్న అడవి, పేరున్న అడవి రెండూ ఒకటే. పులిని లెక్కించడానికి మనకు పద్ధతులున్నాయి. పేర్లను లెక్కించడం ఇంకా మొదలుపెట్టవలసి ఉంది. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.