నియాండర్తాల్ మానవునిపై రెండవ నింద

నియాండర్తాల్ మానవుని గురించి మన పాఠ్యపుస్తకాలలోనూ, పత్రికలలోనూ వచ్చిన రాతలను ఒకచోట చేర్చి చూచినచో, ఆ ప్రాణి మీద రెండు నిందలు పడినట్లు తెలియగలదు. మొదటిది పాతది: అతడు వంగి నడిచే సగం కోతి అని. దానిని శాస్త్రజ్ఞులే మోపినారు, శాస్త్రజ్ఞులే తొలగించినారు. రెండవది 2020లో పుట్టినది: మన దేశస్థులలో కోవిడ్ ముదరడానికి అతని నుండి వచ్చిన రక్తమే కారణమని. ఈ రెండవదానిని పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అయితే మొదటిది ఎట్లా పుట్టి ఎట్లా పోయినదో చెప్పుకొంటే రెండవదాని సంగతి సులువుగా బోధపడును.

1856లో జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ నగరం దగ్గర, నియాండర్ లోయలో, సున్నపురాయి తవ్వే కూలీలకు ఒక గుహలో పుర్రె పైభాగమూ, కొన్ని ఎముకలూ దొరికినవి. ఫూల్‌రోట్ అనే ఉపాధ్యాయుడు వాటి విలువ గుర్తించినాడు. 1864లో విలియం కింగ్ అనే పండితుడు ఆ జాతికి 'హోమో నియాండర్తాలెన్సిస్' అని నామకరణం చేసినాడు. 'తాల్' అంటే జర్మను భాషలో లోయ. నియాండర్ అన్నది ఒక కీర్తనకారుని ఇంటిపేరు. గ్రీకులో దాని అర్థం 'కొత్త మనిషి' కావడం చరిత్ర చేసిన వేళాకోళం. (మా శామీర్‌పేట మండలం తుర్కపల్లిలోనూ ఒక లోయ ఉన్నది, దాని పేరు జీనోమ్ వ్యాలీ. బండరాళ్లూ, దాపున చెరువూ తప్ప అక్కడ లోయ ఎక్కడా కనబడదు. నియాండర్‌లో లోయ నిజంగానే ఉన్నది కాని, కొండను సున్నానికి తవ్వివేసినందున గుహ మిగలలేదు.)

1908లో ఫ్రాన్సులో లా షపెల్-ఓ-సాం అనే చోట ఇంచుమించు పూర్తి అస్థిపంజరం బయటపడినది. దానిని వర్ణించిన మార్సెలిన్ బూల్, ఆ మనిషి మోకాళ్లు వంచి, మెడ ముందుకు చాచి నడిచేవాడని తేల్చినాడు. మన పుస్తకాలలోని బొమ్మకు మూలం అదే. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు ఆ ఎముకలను తిరిగి పరీక్షించగా, అవి కీళ్లవాతంతో బాధపడిన ఒక పెద్దవయసువాని ఎముకలని తెలిసినది. ఆరోగ్యంగా ఉన్న నియాండర్తాల్ మానవుడు మనవలెనే నిటారుగా నడిచేవాడు. ఆ ముసలివాని మెదడు పరిమాణం సుమారు 1,600 ఘనపు సెంటీమీటర్లు, అనగా నేటి సగటు కంటె ఎక్కువ. ఒక రోగి నడుమును జాతి మొత్తానికి అంటగట్టడం ఇక్కడ జరిగిన పొరపాటు.

2010లో స్వాంతే పేబో బృందం క్రొయేషియాలోని విండియా గుహ ఎముకల నుండి నియాండర్తాల్ జన్యుసముదాయాన్ని చదివినది. ఆఫ్రికా వెలుపలి ప్రజలందరిలోనూ అందులోని కొంత భాగం ఉన్నదని తేలినది. నేటి లెక్క ప్రకారం అది సుమారు నూటికి రెండు పాళ్లు. ఈ పనికి పేబోకు 2022లో నోబెల్ బహుమానం వచ్చినది. అంటే నియాండర్తాల్ మానవుడు మనకు దూరపు దాయాది మాత్రమే కాదు, మన తాతముత్తాతలలోనూ ఒకడు.

అట్లని అతడు మన నేల మీద తిరిగినట్లు ఆధారం లేదు. అతని ఎముకలు తూర్పున ఉజ్బెకిస్తాన్‌లోని తెషిక్-తాష్ వరకు, సైబీరియాలోని అల్టాయి కొండల వరకు దొరికినవి కాని, భారతదేశంలో దొరకలేదు. కర్నూలు ప్రాంతంలో, నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 సంవత్సరాల నాడు సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం కక్కిన బూడిద పొర ఉన్నది. దాని కిందా మీదా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికినవి. వాటిని చేసినవారు ఆధునిక మానవులేనని 2007లో పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ మొదలైనవారు వాదించినారు. 2013లో మెల్లర్స్ బృందం దానిని ఖండించినది. పనిముట్ల పక్కన చేసినవాని ఎముక లేనప్పుడు ఇటువంటి తగవు తెగదు. 2025లో 'సెల్' పత్రికలో వెలువడిన, 2,762 మంది భారతీయుల జన్యువుల పరిశోధన ప్రకారం, మన వంశంలో అధికభాగం సుమారు 50,000 ఏండ్ల నాడు ఆఫ్రికా నుండి బయలుదేరిన ఒకే వలసకు చెందినది. నియాండర్తాలులతో కలయిక ఆ తరువాత దారిలో జరిగినది. అనగా అతడు మన దేశానికి తన కాళ్లతో రాలేదు, మన పూర్వుల నెత్తుటిలో వచ్చినాడు.

ఇక రెండవ నింద. 2020 సెప్టెంబరులో హూగో జెబర్గ్, పేబో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినారు. మూడవ క్రోమోసోములో సుమారు 50,000 అక్షరాల పొడవు గల ఒక తునక కోవిడ్ రోగం ముదరడంతో ముడిపడి ఉన్నదనీ, అది నియాండర్తాలుల నుండి వచ్చినదనీ అందులో నిరూపించినారు. దక్షిణాసియాలో సగం మందికి, యూరపులో నూటికి 16 మందికి ఆ తునక ఉన్నది. బంగ్లాదేశ్‌లో నూటికి 63 మంది. తూర్పు ఆసియాలో దాదాపు లేదు. తునక మూలాన్ని గుర్తించిన పద్ధతి నిర్దుష్టమైనది; అందులో నాకు సందేహం లేదు. అయితే అదే వ్యాసంలో, బ్రిటన్‌లోని బంగ్లాదేశీయులలో కోవిడ్ మరణాల ముప్పు రెండింతలన్న సంగతిని కూడా పేర్కొన్నారు. ఇతర కారణాలతో పాటు ఇదీ ఒకటి కావచ్చునని జాగ్రత్తగానే అన్నారు. కాని ఇరుకు ఇళ్లు, జనం మధ్య చేసే ఉద్యోగాలు, మధుమేహం—వీటిని తూచి చూడకుండా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడు, చదువరి వాటిని తానే ముడివేయక మానడు.

మా కళాశాలలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఇది: "సార్, అయితే మా తాత పోయింది ఆ పాతకాలపు మనిషి వల్లనేనా?" ఆ తాతకు ఎన్నో ఏండ్లుగా చక్కెర వ్యాధి. 2021 మే నెలలో మేడ్చల్ నుండి నగరం దాకా తిప్పినా ఆక్సిజన్ ఉన్న పడక దొరకలేదు. 50,000 ఏండ్ల నాటి వానిని దోషిని చేస్తే, నేడు బ్రతికి ఉన్నవారిని ఎవరూ ప్రశ్నించనక్కరలేదు గదా!

అంకెనే చూతము. తునక ఒకటి ఉన్నవారికి ఆసుపత్రి పాలయ్యే అవకాశం సుమారు 1.6 రెట్లన్నారు. ఒక వయసు వారిలో, తునక లేని నూరుగురిలో ఐదుగురు ఆసుపత్రికి వెళ్లుదురని అనుకొందాము. తునక ఉన్న నూరుగురిలో ఇంచుమించు ఎనమండుగురు వెళ్లుదురు. ఆ ఎనిమిదిలో ఐదుగురు ఎట్లాగైనా వెళ్లేవారే. తక్కిన 92 మంది తునక ఉండీ ఇంట్లోనే కోలుకొందురు. ఆ తాత ఏ లెక్కలోని వాడో ఏ క్రోమోసోమూ చెప్పలేదు.

హైదరాబాదు శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, కాశీ విశ్వవిద్యాలయానికి చెందిన జ్ఞానేశ్వర్ చౌబే మొదలైనవారు 2021లో దీనికి సమాధానంగా 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో ఒక పరిశోధన ప్రకటించినారు. దక్షిణాసియా జనసమూహాలలో ఆ తునక ఎంత ఉన్నదో, అక్కడ రోగమూ మరణాలూ ఎంత ఉన్నవో పోల్చగా సంబంధం కనబడలేదని వారి తీర్పు. యూరపు వారిలో కనబడినది మనకూ వర్తించునా అని అడగడం సరియైన పని. మనవారు చేసినారు గనుక దానికి చప్పట్లు కొట్టి ఊరుకొనడం మాత్రం సరి కాదు. వారు పోల్చినది సమూహాలను, రోగులను కాదు. రోగుల సంఖ్య పరీక్షల సంఖ్యను బట్టి మారును. మరణాల మాట సరేసరి: 2020, 2021 సంవత్సరాలకు మన అధికారిక లెక్క ఐదు లక్షల లోపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన అంచనా 47 లక్షలు. మన ప్రభుత్వం దానిని ఒప్పుకొనలేదు. ఇంత ఎడమున్న లెక్కలలో చిన్న సంబంధం ఉన్నా కనబడదు. కనబడకపోవడం లేకపోవడం కాదు.

2021 నవంబరులో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆ తునకలో అసలు పని చేసేది ఎల్‌జెడ్‌టిఎఫ్‌ఎల్1 అనే జన్యువని సూచించినారు. అది ఊపిరితిత్తుల లోపలి పొరలోని కణాలు వైరసును ఎదుర్కొనే తీరును మార్చునట. అది రక్షకకణాలకు చెందినది కానందున, ఆ తునక ఉన్నవారికి కూడా టీకా చక్కగా పనిచేయవలెనని వారు అన్నారు. ఆ టీకాలలో ఒకటైన కోవాక్సిన్ తయారైనది మా జీనోమ్ వ్యాలీలోనే.

మరొక సంగతి. అదే జెబర్గ్, పేబో 2021లో ఇంకొక వ్యాసం ప్రకటించినారు. పన్నెండవ క్రోమోసోములో నియాండర్తాలులు ఇచ్చిన వేరొక తునక కోవిడ్ ముదిరే ముప్పును నూటికి 22 వంతులు తగ్గించునని అందులో ఉన్నది. ఇదీ ఆఫ్రికా వెలుపలి ప్రజలలో విరివిగా ఉన్నదే. దీనిని గురించి నన్ను అడిగిన విద్యార్థి ఇంతవరకు లేడు.