ఏకప్రతి గ్రంథములు - గ్రంథాలయ కర్తవ్యము

పూర్వలేఖకులు గ్రంథాంతమున తమ ప్రతిని నూనెనుండియు, నీటినుండియు, సడలిన కట్టునుండియు రక్షింపుఁడని వేఁడుకొనెడివారు. మూర్ఖుని చేతి కీయవలదనియుఁ గోరెడివారు. విద్యాలయ గ్రంథాలయముల కట్టుబాట్లకు మూలము నీ భయమే. కాని యీ పట్టికలోఁ జేరని యాపద యొకటి కలదు. అది ఏకప్రతిత్వము.

నన్నెచోడుని కుమారసంభవ మిందుకు నిదర్శనము. మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరు సరస్వతీమహలునందలి ప్రతిని గ్రహించి 1909లో దానిని ప్రకటించిరి. అంతవఱకు కావ్యము భద్రముగనే యుండెను. పఠితలకు మాత్రము లేనిదే యయ్యెను. దాఁచుట వేఱు, బ్రతికించుట వేఱు. ప్రకటనానంతరము కవికాలమును గూర్చియుఁ గావ్యప్రామాణ్యమును గూర్చియు వాదములు చెలరేఁగినవి. అట్టి వాదమును దీర్చుటకు అచ్చుపుస్తకము చాలదు, మూలప్రతియే సాక్షి. కాఁబట్టి అచ్చైనదని మూలము నుపేక్షించుటయు నపాయమే.

1829లో వేమన పద్యములను ప్రకటించిన సి. పి. బ్రౌను దొర మార్గము వేఱు. ఆయన కడపలోఁ బండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకుఁ బలుప్రతులు సేకరించి, పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒకటి చెడినను మఱియొకటి నిలుచుట యిందలి గుణము. శుద్ధప్రతిలోఁ బరిష్కర్త యభిప్రాయము పాఠముతోఁ గలసిపోవుట యిందలి దోషము. మూలములు నశించిన పిమ్మట ఆ రెంటిని వేఱుపఱచుట దుస్సాధ్యము.

పుస్తకము లుపయోగమునకే యని రంగనాథన్ గారు 1931లో సూత్రించిరి. తాళపత్రము విప్పినకొలఁది విఱుగును గదా యని యాక్షేపింపవచ్చును. సమాధానము సులభము: చదువరికి ఛాయాప్రతి నీయవలెను, పాఠసంశయము గల పరిశోధకునకు అధికారి సమక్షమున మూలమును జూపవలెను. ఏ కట్టకు ముందు ప్రతి తీయవలె నన్నచో, గ్రంథము పేరుప్రతిష్ఠలు గాక, వేఱొకచోటఁ బ్రతి కలదా లేదా యన్నదే ప్రమాణము. పలుమాఱు లచ్చైన భారతపర్వముకంటె ననామకమైన యేకప్రతి ముందు రావలెను.

ఈ విచారము తంజావూరునకే పరిమితము గాదు. అనకాపల్లి జిల్లాయందలి కె.కోటపాడు వంటి గ్రామమం దొక యింటి యటుకమీఁదఁ దాళపత్రపుఁ గట్ట యున్న దనుకొందము. ఇచ్చినది తిరిగి రాదని యింటివారు జంకుదురు. ఇచ్చినఁగాని చూడమని గ్రంథాలయమువారు పట్టుపట్టుదురు. ఈ బేరము ముగియులోఁగాఁ జెదలు తమ పని ముగించును. కావున నింటనే ఛాయాప్రతి తీయుట ప్రథమకార్యము, స్వామ్యవిచారము పిమ్మటిది. నిర్ణయమును వాయిదా వేయుటయు నొక నిర్ణయమే. దాని ఫలము ననుభవించునది గ్రంథము.