వార్తకు కర్త ఎవరు?

పదో తరగతి పిల్లలకు కర్తరి, కర్మణి ప్రయోగాలు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను రాముణ్ణీ రావణుణ్ణీ పక్కన పెట్టి ఆనాటి దినపత్రిక తీసుకుంటాను. ఒక్కొక్క వార్త చదివి, "ఇందులో కర్త ఎవరు?" అని అడుగుతాను. చాలా వార్తలకు పిల్లలు చటుక్కున చెప్పేస్తారు. ఒక్క రకం వార్త దగ్గర మాత్రం తరగతంతా తడుముకుంటుంది. "ఎదురుకాల్పుల్లో ఐదుగురి మృతి" వంటి శీర్షిక అది. మరణించింది ఐదుగురు. మరి చంపింది? ఒకసారి వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "ఎదురుకాల్పులే చంపాయండీ" అన్నాడు. అందరూ నవ్వారు. వ్యాకరణరీత్యా వాడు చెప్పింది తప్పనడానికి నాకు నోరు రాలేదు.

తెలుగుకు కర్మణి ప్రయోగం సహజం కాదని మన వ్యాకర్తలే చెబుతూ వచ్చారు. ఇంగ్లీషు పత్రిక కర్తను దాచదలిస్తే కర్మణిని ఆశ్రయించాలి. మన పత్రికకు ఆ శ్రమ కూడా లేదు. క్రియ స్థానంలో నామవాచకాన్ని కూర్చోబెడితే చాలు. మృతి, హతం, కాల్పులు, ఉద్రిక్తత - ఇవన్నీ వానలాగా, వడగాలిలాగా వాటంతటవే సంభవిస్తాయి. అదే పత్రికకు అవతలి పక్షం చంపినప్పుడు సకర్మక క్రియలు గుర్తుకొస్తాయి. "కాల్చి చంపారు", "నరికి చంపారు" అని కర్తతో సహా రాస్తుంది. ముందొక "కిరాతకంగా" కూడా చేరుస్తుంది. రెండో వాక్యం అబద్ధమని నేననడం లేదు. అది నిజమే కావచ్చు. మొదటి చావుకు ఆ వ్యాకరణం ఎందుకు వర్తించలేదన్నదే ప్రశ్న.

సంఘర్షణ వార్తల మీద జరిగిన సిద్ధాంత చర్చను ఈ దృష్టితో చూడవలసి ఉంది. 1965లో యోహాన్ గాల్టుంగ్, మారీ రూగే అనే నార్వే పరిశోధకులు కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నాలుగు నార్వే పత్రికలు ఎలా చూపించాయో పరిశీలించారు. ఏ సంఘటన వార్త అవుతుంది, ఏది కాదు అన్నదానికి వాళ్లు కొన్ని సూత్రాలు తీశారు. పెద్ద దేశం, పెద్ద మనిషి, చెడు సంఘటన - వీటికి వార్తలో సులభంగా చోటు దొరుకుతుంది. నాకు వీటన్నిటికంటే విలువైనదిగా తోచింది మరొకటి. దినపత్రిక కాలాన్ని రోజుల్లో కొలుస్తుంది కాబట్టి ఒక్క రోజులో మొదలై ముగిసే సంఘటనే దానికి అందుతుంది. హత్య అందుతుంది. ఆ హత్య వెనక ముప్పయ్యేళ్లుగా నడుస్తున్న భూమి తగాదా అందదు. తర్వాత గాల్టుంగ్ యుద్ధవార్తను ఆటల పేజీతో పోల్చాడు. అందులో ఉండేది గెలుపూ ఓటమీ మాత్రమే. రోగమేమిటి, కారణమేమిటి, చికిత్స ఏమిటి అని చెప్పే ఆరోగ్య విలేకరిలాగా సంఘర్షణను రాయమన్నాడు. శాంతి పాత్రికేయం అన్న మాటకు మూలం ఇదే. 2005లో జేక్ లించ్, అనబెల్ మెక్‌గోల్డ్రిక్ ఆ పేరుతోనే పుస్తకం రాశారు.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి నార్వే దాకా పోనక్కరలేదు. 2004లో నేను ఎం.ఎ. చదువుతున్నాను. ఆ ఏడు మే నెలలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, కాల్పుల విరమణ వచ్చింది. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదు మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వ ప్రతినిధులూ, మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ చర్చల వెనక 1997 నుంచి పౌరస్పందన వేదిక చేసిన కృషి ఉంది. ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించిన వేదిక అది. దానికి ముందు నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఒకరు. పొత్తూరి వెంకటేశ్వరరావు వంటి పాత్రికేయుడు కూడా అందులో ఉండి పనిచేశాడు.

హాస్టల్లో టీవీ ముందు మూగి మేం చూసిందేమిటి? నల్లమల నుంచి బయటికి వచ్చిన నాయకుల తుపాకులు, దుస్తులు, కార్ల వరుస. "ఎవరు మెట్టు దిగారు?" అన్న ప్రశ్న. ఆయుధాలతో ఊళ్లలో తిరగవచ్చునా అన్న వివాదం నాకు గుర్తున్నంతవరకు పెద్ద అక్షరాల్లో వచ్చింది. భూమి ప్రశ్న చర్చల్లో ముఖ్యమైన అంశాల్లో ఒకటి. అది లోపలి పేజీలకు పోయింది. ఆ ఏడాది చివర భూమి సమస్యలపై కోనేరు రంగారావు అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది, 2006లో నివేదిక వచ్చింది. ఒక్క రోజులో ముగిసే సంఘటన కాదు గనుక దాన్ని గురించి నా సహాధ్యాయుల్లో ఎవరూ మాట్లాడుకోలేదు. నేనూ మాట్లాడలేదు. ఈలోగా 2005 జనవరిలో చర్చలు తెగిపోయాయి, మళ్లీ "ఎదురుకాల్పులు" మొదలయ్యాయి. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు నర్సిరెడ్డితో పాటు మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది. పత్రికలకు తెలిసిన వార్త మళ్లీ దొరికింది.

శాంతి పాత్రికేయంపై గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. విలేకరి పని చూసింది చూసినట్టు రాయడమేననీ, శాంతి తేవడం అతని బాధ్యత కాదనీ, ఆ బాధ్యత నెత్తికెత్తుకుంటే చూపు చెడుతుందనీ బి.బి.సి. విలేకరి డేవిడ్ లాయిన్ 2007లో వాదించాడు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. శాంతి పేరుతో చేదు నిజాన్ని మింగేసే విలేకరి యుద్ధం పేరుతో మింగేసేవాడికంటే ఏమంత మేలు? అయితే లాయిన్ అడిగినట్టు చూసింది చూసినట్టు రాయాలన్నా మొదట వాక్యానికి కర్త కావాలి కదా! విలేకరి కాల్పులను కళ్లతో చూడలేదు. పోలీసు అధికారి చెప్పగా విన్నాడు. కాబట్టి "ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు" అని రాయడమే అతనికి చేతనైన సత్యం. ఈ "అని చెప్పారు" శీర్షికలో స్థలం చాలక రాలిపోతుందంటారు. నలభై ఏళ్లుగా రాలిపోతూనే ఉందంటే కారణం స్థలం ఒక్కటే అయి ఉండదు.

పత్రికల పాపాలు చెప్పి మనం చేతులు దులుపుకోవడానికి లేదు. అభ్యుదయ సాహిత్యంలో మనవాడు చనిపోతే "నేలకొరిగాడు", "అమరుడయ్యాడు". ఇవీ అకర్మకాలే. అవతల ఒక రైతును రాత్రివేళ ఇంట్లోంచి లాక్కెళ్లి చంపితే "ఇన్‌ఫార్మర్‌కు శిక్ష". ఆరోపణ, విచారణ, తీర్పు అన్నీ ఆ ఒక్క నామవాచకంలోనే జరిగిపోతాయి. ఆ రైతు భార్య ఏమనుకుందో రాసిన కథలు మన సంకలనాల్లో ఎన్ని ఉన్నాయో వేళ్లమీద లెక్కపెట్టి చూడండి. పోలీసు వచ్చి అడిగితే ఒక జవాబు, దళం వచ్చి అడిగితే మరొక జవాబు చెప్పి బతకవలసిన ఊరు వార్తలో ఎలా కర్త కాలేదో, మన కవిత్వంలోనూ అలాగే కాలేదు.

ఇక్కడ పత్రికలకంటే, మనకంటే ముందు మేలుకొన్నది సామాన్య జనం. ఎన్‌కౌంటర్ అంటే ఎదురుపడటం, ఇద్దరికీ సమానంగా వర్తించే నామవాచకం. జనం దానికి "చేయు" తగిలించి "వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు" అన్నారు. ఒక్క దెబ్బతో అది సకర్మక క్రియ అయింది. కర్త ఎవరో, కర్మ ఎవరో బయటపడ్డాయి. ఇంత పదునైన విమర్శ ఏ సంపాదకీయంలోనూ నేను చదవలేదు. న్యాయస్థానాలు ఆ ప్రశ్నకు తర్వాత వచ్చాయి. 2009 ఫిబ్రవరిలో హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణాలపై కేసు నమోదు చేసి తీరాలని చెప్పింది. ఆ తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో అదే సుప్రీంకోర్టు స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ కావాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

కాని మాటల ప్రయాణం అక్కడ ఆగలేదు. 2019 చివర హైదరాబాదు శివార్లలో ఒక యువతిపై ఘోరం జరిగింది. నిందితులు నలుగురినీ డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టీవీలు ఆ పూలను రోజంతా చూపాయి. తమపై దాడి జరిగిందన్న పోలీసుల కథనాన్ని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చినప్పుడు పూలు చూపిన ఛానెళ్లలో ఎన్ని దాన్ని రోజంతా చూపాయి?

ఆ కాల్పులకు ముందు వారంలోనే నేను తరగతిలో విధ్యర్థకం చెబుతున్నాను. ఉదాహరణ చెప్పమంటే, ఎప్పుడూ నోరెత్తని ఒక అమ్మాయి లేచి నిలబడి, "వాళ్లను ఎన్‌కౌంటర్ చేయండి" అంది. తరగతంతా చప్పట్లు కొట్టింది. వ్యాకరణరీత్యా అందులో తప్పేమీ లేదు. నేను నల్లబల్ల వైపు తిరిగి చాలాసేపు సుద్దముక్క వెతుక్కున్నాను.